మీ అమ్మాయికి ఫ్లూట్ ఎక్కువ కాలేదు, తక్కువైంది

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరులో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పుడు ఇక్కడ ఆరేళ్లు ఫ్లూట్ నేర్చుకుంది. కాలేజీలో చేరాక పద్నాలుగు మందిని పోగుచేసి ఒక ఫ్లూట్ బృందం పెట్టింది. మొదటి ఏడాది 8.6 ఉన్న సీజీపీఏ మూడో సెమిస్టర్‌కి 7.7కి దిగింది. ఒక సబ్జెక్టులో హాజరు తక్కువగా ఉందని ఇంటికి మెసేజ్ కూడా వచ్చింది. అడిగితే "నేను లేకపోతే బృందం ఆగిపోతుంది నాన్నా" అంటోంది. ఫ్లూట్ పక్కన పెట్టి చదువుకోమని గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. లేక సంగీతంలోనే ఆమెకు భవిష్యత్తు ఉందంటారా? హాస్టల్ గదిలో గోడకు అంటించుకున్న కాగితాల ఫొటో పంపుతున్నాను, చూడండి.
ఒక తండ్రి, హిందూపురం

జవాబు: ఫొటో పంపి మంచి పని చేశారండీ. మీ ఉత్తరం కంటే ఆ గోడే నాకు ఎక్కువ చెప్పింది.

దాన్ని పెద్దది చేసి చూశాను. ఎడమవైపు కాగితం మీద వారం పనులున్నాయి. సోమవారం సెమినార్ హాల్ అనుమతి, హెచ్‌ఓడీ సంతకం. మంగళవారం పగిలిన రెండు ఫ్లూట్లు రిపేరుకి. బుధవారం పోస్టరు, వాట్సాప్‌లో అందరికీ గుర్తుచేయాలి. గురువారం ప్రాక్టీసు, గంటన్నర. శుక్రవారం ఫెస్టు కమిటీతో మీటింగ్. శనివారం ఇద్దరు జూనియర్లకు సరళీ స్వరాలు, అంటే మొదటి పాఠాలు. మొత్తం లెక్కేస్తే పన్నెండు గంటల పైమాటే. అందులో ఆమె తన ఫ్లూట్ పెదవికి ఆనించేది ఆ గురువారం గంటన్నర, శనివారం జూనియర్లకు చూపించే కాస్తంతా. తన సొంత సాధనకు ఒక్క గడి కూడా లేదు.

అంటే మీరు అనుకుంటున్నట్టు చదువును ఫ్లూట్ తినేయడం లేదు. చదువునూ ఫ్లూట్‌నూ రెండింటినీ అనుమతులు, పోస్టర్లు, రిపేర్లు తింటున్నాయి. "ఫ్లూట్ ఆపు" అంటే పాపకు మిగిలిన ఆ కాస్తా పోతుంది. ఆగాల్సింది వేరే.

ఒక పాత తప్పు చెబుతాను. పదేళ్ల కిందట ఇలాగే ఒక తల్లి వస్తే, కొడుకు నాటకాలు ఆపించమని నేనే సలహా ఇచ్చాను. ఆపించారు. మార్కులు అక్కడే ఉన్నాయి, ఆ గంటలన్నీ ఫోన్‌లోకి పోయాయి. ఆమె మళ్లీ వచ్చి నన్ను ఏమీ అనలేదు కానీ, అప్పటినుంచి ఏదైనా ఆపమని చెప్పేముందు వారం లెక్క తెప్పించుకుంటున్నాను.

ఇక ఆ గోడ మీద కుడివైపు కాగితం. అది చూసి నాకు ముచ్చటేసింది. స్వరాల కింద నాలుగు రంగుల్లో చిన్న చిన్న టిక్కులున్నాయి కదా, అవి ఏమిటని మీరు అడిగి ఉండరు. అవి ఊపిరి గుర్తులు. ఫ్లూట్ బృందంలో అందరూ ఒకేచోట ఊపిరి తీసుకుంటే పాట మధ్యలో గుంట పడుతుంది. అందుకని ఎరుపు వాళ్లు ఇక్కడ, నీలం వాళ్లు అక్కడ అని పంచింది. ఇది ఆమెకు ఎవరైనా నేర్పారో, తనే పట్టుకుందో తెలియదు. ఎలా వచ్చినా, పద్నాలుగు మంది పని ఒకరి తర్వాత ఒకరికి తెగకుండా అందేలా వేసుకున్న పట్టిక అది.

ఇంట్లో ఒక్కరు వాయించడం చూసినవాళ్లకు బృందం కష్టం అర్థం కాదు. వీణకైతే బిరడా తిప్పి శ్రుతి సరిచేసుకోవచ్చు. వెదురు ఫ్లూట్‌కి ఆ వీలు లేదు, కోసినప్పుడే దాని శ్రుతి ఖాయం. పెదవి కోణం మార్చి కొంచెం అటూ ఇటూ లాగగలరు, అంతే. ఒకరి దగ్గర నాలుగు శ్రుతి ఫ్లూట్, ఇంకొకరి దగ్గర ఐదు శ్రుతిది ఉంటే ఇద్దరూ కలిసి వాయించలేరు. పైగా కర్ణాటక వేణువుకి వేళ్ల రంధ్రాలు ఎనిమిది, హిందుస్తానీ బాన్సురీకి ఎక్కువగా ఆరు. మనవాళ్లు రెండు రంధ్రాలు మూసి షడ్జమం (స) పలికిస్తే, వాళ్లు మూడు మూసి పలికిస్తారు. వెస్టర్న్ ఫ్లూట్ వాళ్లది లోహపు గొట్టం, మీటలు, వేరే నొటేషన్. మీ అమ్మాయి బృందంలో ఈ మూడు రకాలూ ఉన్నాయని పేర్ల జాబితా చూస్తే తెలుస్తోంది. గమకాల సంగతి, అంటే స్వరాన్ని ఊపే తీరు, సరేసరి. తోడి లాంటి రాగంలో గాంధారాన్ని పద్నాలుగు మంది పద్నాలుగు రకాలుగా ఊపితే వినేవాళ్లు పారిపోతారు. అందుకే ఆమె అంత ఊపు అక్కర్లేని హంసధ్వని, మోహన రాగాలు ఎంచుకుంది. తెలివైన పని.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రేపు ఉద్యోగం ఇంటర్వ్యూలో ఈ బృందం పనికొస్తుందా అని మీ మనసులో ఉంటుంది కాబట్టి. పనికొస్తుంది, కానీ చెప్పే తీరులో ఉంది. పోయిన ఏడాది నా దగ్గరికి మాక్ ఇంటర్వ్యూకి ఒక అమ్మాయి వచ్చింది. తనూ కాలేజీలో వాద్యబృందం నడిపింది. రెజ్యూమెలో అది చూసి "ఏం నేర్చుకున్నావమ్మా" అన్నాను. "లీడర్‌షిప్, టీమ్ వర్క్, టైమ్ మేనేజ్‌మెంట్ సార్." వారానికి పాతికమంది నా ముందు ఇవే మూడు మాటలు అప్పజెబుతారు. పెన్ను కింద పెట్టి, "సరే, మీ బృందం అన్నిటికంటే ఘోరంగా వాయించిన రోజు చెప్పు" అన్నాను. నవ్వింది. ఇక ఆగలేదు. బయట ఏప్రిల్ ఎండలో వరండాలో శ్రుతి కలుపుకుని, ఏసీ హాల్లో స్టేజి ఎక్కారట. ఫోన్‌లో శ్రుతి వినిపించే తంబురా యాప్ ఉన్నచోటే ఉంది, ఫ్లూట్లన్నీ కిందికి జారాయి. ఎందుకని అడిగితే, చల్లటి గాలిలో శబ్దవేగం తగ్గుతుంది, గొట్టంలో గాలి ఒక డిగ్రీ చల్లబడితే శ్రుతి దాదాపు మూడు సెంట్లు పడుతుంది, స్వరానికీ దాని పక్క అరస్వరానికీ మధ్య దూరం వంద సెంట్లు, పది డిగ్రీల తేడా అంటే చెవికి స్పష్టంగా తెలిసే అపశ్రుతి అని కాగితం మీద గీసి చూపించింది. తర్వాత కార్యక్రమానికి అరగంట ముందే హాల్లోకి చేరి, తాము వాయించని భాగాల్లో కూడా గొట్టంలోకి ఊపిరి ఊదుతూ వెచ్చగా ఉంచుకున్నారట. "ఇదే చెప్పు, ఆ మూడు మాటలూ మర్చిపో" అన్నాను.

మీ పాప ఈసీఈ. సిగ్నల్ ప్రాసెసింగ్ ఆమె సిలబస్‌లోదే. పద్నాలుగు ఫ్లూట్ల శబ్దం రికార్డు చేసి, ఎవరి శ్రుతి ఎంత తేడాలో ఉందో చూపించే చిన్న ప్రోగ్రాం రాస్తే అది మినీ ప్రాజెక్టు అవుతుంది. చదువూ ఫ్లూటూ ఎదురెదురుగా నిలబడి కొట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు మార్కులు. 7.7 చూసి కంగారు పడకండి, అలాగని వదిలేయకండి. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో చాలావరకు 7 దగ్గరో 60 శాతం దగ్గరో గీత గీస్తాయి, కొన్ని 8 అడుగుతాయి. 7.7 నుంచి 8కి ఎక్కడం ఇప్పుడైతే తేలిక, మూడో ఏడాది చివర కష్టం. నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది హాజరు మెసేజ్. మీ అమ్మాయి కాలేజీ వీటీయూ (కర్ణాటకలోని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం) కిందిదైతే ప్రతి సబ్జెక్టులోనూ 85 శాతం ఉండాలి. అది తగ్గితే పరీక్షే రాయనివ్వకపోవచ్చు. సీజీపీఏ తగ్గితే సర్దుకోవచ్చు, సబ్జెక్టు ఆగితే ఏ కంపెనీ ముందూ ఫ్లూట్ కథ చెప్పుకునే అవకాశమే రాదు. బృందం తరఫున కాలేజీ పంపిన కార్యక్రమాలకు హాజరు ఇస్తారో లేదో విభాగంలో అడిగి, ఇస్తారంటే ఉత్తరం రాయించుకుని దాచుకోమనండి. నోటి మాట నమ్మొద్దు. ముఖ్య అతిథి వచ్చిన రోజు "మన ఫ్లూట్ పిల్లలు" అని స్టేజి ఎక్కించే కాలేజీలే, మర్నాడు ఆబ్సెంట్ వేస్తాయి. నా కొడుకు విషయంలోనే చూశాను.

సంగీతంలో భవిష్యత్తు ఉందా అన్నారు. నిజం చెబుతాను. కాలేజీ బృందం నడపడం కచేరీ విద్వాంసురాలయ్యే దారి కాదు. మాలిగా అందరికీ తెలిసిన టి.ఆర్. మహాలింగం ఏడేళ్లకే కచేరీ చేశారు, ఎన్. రమణి ఎనిమిదేళ్లకు. ఆ దారిలో వెళ్లేవాళ్లు చిన్నప్పటినుంచీ ఒంటరిగా గంటలకొద్దీ కూర్చుని సాధన చేసినవాళ్లు. మీ అమ్మాయికి అది కావాలో లేదో నాకు ఆ ఫొటోలో కనిపించలేదు. కావాలంటే ముందు బెంగళూరులో ఒక గురువు దగ్గర వారానికి రెండు రోజులు కూర్చోవాలి. ఆకాశవాణి ఆడిషన్‌కి వెళ్లి గ్రేడు తెచ్చుకోవడం ఒక మెట్టు. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు గురువు దగ్గర పై శిక్షణ కోసం నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది, దానికి ప్రయత్నించవచ్చు. ఇవేవీ ఇంజనీరింగ్ మానితేనే అందేవి కావు. అందుకే ఈ ప్రశ్నకు ఇప్పుడే జవాబు తేల్చాల్సిన పని లేదంటాను. ఆరు నెలలు సొంత సాధన చేశాక ఆమెనే అడగండి.

మరి "నేను లేకపోతే ఆగిపోతుంది" అన్న మాట? పాప దాన్ని గర్వంగా అంటోంది, నాకు మాత్రం అది ఫిర్యాదులా వినిపిస్తోంది. రెండో ఏడాదిలోనే ఒక్కరి మీద వేలాడుతున్న బృందం, ఆమె ఏడో సెమిస్టర్‌లో ప్లేస్‌మెంట్లకు కూర్చున్న నెలలోనే చెదిరిపోతుంది. ఆమెతో నేను మాట్లాడితే ఇలా అంటాను: అమ్మా, హాల్ అనుమతి ఒకరికి అప్పజెప్పు. ఫ్లూట్ల బాగోగులు ఇంకొకరికి. ఫెస్టు మీటింగులకు మాట తేలిగ్గా కలిపే ఒకణ్ని పంపు. నువ్వు ఏ పాట, ఎవరు ఏ భాగం, ఆ రంగు టిక్కులు, అంతవరకే ఉంచుకో. వచ్చే ఇంటర్నల్స్‌కి ముందు రెండు గురువారాలు కావాలనే వెళ్లకు. హాల్ దొరికిందా, ఎంతమంది వచ్చారు, పాట ఎక్కడ ఆగింది అని మర్నాడు అడిగి రాసుకో. ఆగినచోటే నువ్వు ఎవరికీ నేర్పని పని ఉంది. ఐదో సెమిస్టర్ అయ్యేసరికి జూనియర్లలో ఒకరి పేరు పోస్టరు మీద నీ పేరు పక్కన ఉండాలి, ఆరో సెమిస్టర్‌లో నీ పేరు తీసేయాలి. ఖాళీ అయిన గంటల్లో రోజుకి నలభై నిమిషాలు ఫ్లూట్ మీద వర్ణాల సాధనకు, మిగతాది హాజరు తగ్గిన సబ్జెక్టుకు.

మీరు గట్టిగా చెప్పాలనుకున్న మాట మాత్రం కొన్నాళ్లు ఆపండి. ఒక్క విషయం అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈ పద్నాలుగు మంది కలిసి వాయిస్తుంటే మీరు ఎప్పుడైనా విన్నారా? మీ ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు. హిందూపురం నుంచి పొద్దున రైలెక్కితే ఇంకా ఎండ ముదరకముందే బెంగళూరులో ఉంటారు. ఏదో ఒక గురువారం వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి, మార్కుల సంగతి ఆ రోజుకి ఎత్తకండి. బయల్దేరే ముందు ఒకసారి ఫోన్ చేసి ఏ గదో కనుక్కోండి. ఆ టైంటేబుల్ ప్రకారం హాల్ అనుమతి ఇంకా సంతకం దగ్గరే ఉంది.