రీస్టార్ట్ చేసినా సగం సిస్టమ్‌లకే నెట్ వస్తుంటే

అన్నా, హన్మకొండలోని మీ ఆఫీసులో 20 సిస్టమ్‌లలో సగానికి నెట్ ఉండట్లేదని, రీస్టార్ట్ చేస్తే కొన్నిటికి వచ్చి మరికొన్నిటికి పోతోందని రాశారు. సగం సిస్టమ్‌లకు నెట్ వస్తోందంటే లైన్ బాగానే ఉన్నట్టే, ప్రింటర్ కూడా బాగానే ఉందన్నారు కదా, అందుకే నెట్ లైన్ వాళ్లకు ఫోన్ చేయడం కాసేపు ఆపండి. నా అనుమానం, ఎవరో ఇంటి నుంచి వైఫై రౌటర్ తెచ్చి తగిలించారు.

నెట్ రాని సిస్టమ్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ /ఆల్ (ipconfig /all) కొట్టండి. మీ గేట్‌వే, అంటే మీ అసలు రౌటర్ అడ్రస్, 192.168.1.1 అయితే, అక్కడ 192.168.0.1 లాంటిది కనిపిస్తే దొంగ దొరికినట్టే. రెండు రౌటర్లూ అడ్రస్‌లు పంచుతున్నాయి, ముందు ఎవరు పలికితే సిస్టమ్ వాళ్ల మాటే వింటుంది. సిస్టమ్ సొంత ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే మాత్రం అసలు ఎవరూ పలకలేదని అర్థం, అప్పుడు కేబుల్, స్విచ్ (కేబుళ్లన్నీ కలిసే డబ్బా) చూడాలి.

ఇక పట్టుకోవడం. అదే సిస్టమ్‌లో పింగ్ 192.168.0.1 -టీ (ping 192.168.0.1 -t, ఆ రౌటర్‌ను ఆగకుండా పలకరించే కమాండ్) నడవనిచ్చి, స్విచ్ దగ్గర ఒక్కో కేబుల్ పీకి, రెండు సెకన్లు ఆగి, మళ్లీ పెట్టండి. ఏది పీకితే రిప్లయ్ ఆగిందో ఆ వైరు వెంట వెళ్లండి. ఆ సిస్టమ్ సొంత కేబుల్ మాత్రం ముట్టుకోవద్దు! లంచ్ టైంలో చేస్తే తిట్లు తక్కువ. నాకు నయీంనగర్‌లో ఒకచోట ఇలాంటి రౌటరే బీరువా వెనక, దుమ్ము పట్టి దొరికింది.

వైఫై కావాల్సిందే అంటే, ఆ రౌటర్‌లో డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, దాని ఐపీని మీ 192.168.1 వరుసలో ఖాళీగా ఉన్నదానికి మార్చి, కేబుల్‌ను ల్యాన్ (LAN) పోర్టులోనే ఉంచండి, వ్యాన్ (WAN) పోర్టులో కాదు. మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగలిగేది) ఉంటే, అసలు రౌటర్ ఉన్న పోర్టును నమ్మకమైనదిగా పెట్టి, మిగతా చోట్ల ఎవరినీ అడ్రస్‌లు పంచనివ్వని డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేయండి.