ఫిబ్రవరి పురుడు, నవంబరు లెక్క

చిరంజీవి చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

అమెరికాలో మీ ఆఫీసులో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అదే ఏటా హెల్త్ ఇన్సూరెన్స్ ప్లాన్ ఎంచుకునే గడువు, మొదలైందనీ, రెండు వారాలే ఉంటుందనీ మీ అమ్మ చెప్పింది. పాత ప్లానే ఉంచేద్దామనుకుంటున్నావట. మామూలు ఏడాదైతే నేనేమీ అనేదాన్ని కాదు. ఈసారి మాత్రం వద్దమ్మా. డిడక్టిబుల్, అంటే ప్లాన్ చెల్లించడం మొదలుపెట్టేలోపు ఏటా నువ్వు చేతి నుంచి కట్టాల్సిన మొత్తం, జనవరి 1న మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. ఇప్పటిదాకా స్కానింగులకీ పరీక్షలకీ నువ్వు కట్టింది ఈ ఏడాదితో సరి. ఫిబ్రవరి కాన్పు బిల్లు మొత్తం 2026 ఖాతాలోకే వస్తుంది.

ముందు నీ కంపెనీవీ, అల్లుడుగారి కంపెనీవీ ప్లాన్లన్నిటికీ "సమ్మరీ ఆఫ్ బెనిఫిట్స్ అండ్ కవరేజ్" అనే కాగితం దింపుకో, ప్లాన్ ఏమిస్తుందో, నువ్వెంత కట్టాలో అందులో ఉంటుంది. అన్ని ప్లాన్లకీ అది ఒకే నమూనాలో ఉంటుంది. చివర్లో కాన్పుకి ఎంతవుతుందో ఒక ఉదాహరణ కూడా వేసి ఉంటుంది. అది మీ ఆసుపత్రి ధర కాదు, ప్లాన్లను పోల్చుకోవడానికి మాత్రమే. అందులోంచి డిడక్టిబుల్, కోఇన్సూరెన్స్ శాతం (డిడక్టిబుల్ నిండాక బిల్లులో నీ వాటా), అవుట్ ఆఫ్ పాకెట్ మాక్సిమమ్ (ఏడాదిలో నీ చేతి నుంచి పోయే గరిష్ఠం) ఒక కాగితం మీద రాసుకో. ప్రీమియం కింద జీతంలో కోత ఎంతో ఎన్‌రోల్‌మెంట్ పేజీలో ఉంటుంది. రెండు వారాలకోసారి జీతమైతే ఏడాదికి 26 కోతలు, నెలకి రెండుసార్లైతే 24. ఒక్కో జీతంలో కోతనే చూసి పోల్చితే ఇక్కడే లెక్క తప్పుతుంది.

ఉదాహరణకి ఇలా వేసి చూడు. పీపీఓ అనే మామూలు రకం ప్లాన్‌లో, రెండు వారాలకోసారి వచ్చే జీతంలో కుటుంబానికి కోత 195 డాలర్లు, డిడక్టిబుల్ 1,500, ఆపైన 20 శాతం, గరిష్ఠం 7,000. హై డిడక్టిబుల్ ప్లాన్‌లో కోత 88, డిడక్టిబుల్ 4,000, ఆపైన అదే 20 శాతం, గరిష్ఠం 8,000, కంపెనీ హెచ్ఎస్ఏలో (ఆ రకం ప్లాన్‌తో తెరుచుకునే, వైద్యం ఖర్చులకి పన్ను లేని పొదుపు ఖాతా) వేసేది 1,000. గరిష్ఠం దాకా ఖర్చయిన ఏడాదిలో పీపీఓకి 26 కోతలకి 5,070, గరిష్ఠం 7,000 కలిపి 12,070 అవుతుంది. రెండోదానికి 2,288, 8,000 కలిపి, కంపెనీ ఇచ్చిన వెయ్యి తీసేస్తే 9,288. డిడక్టిబుల్ పెద్దదని భయపడి వదిలేసిన ప్లానే చవకన్నమాట. మీ అంకెలతో ఇది తిరగబడొచ్చు కూడా. అందుకే కాన్పున్న ఏడాదికి గరిష్ఠం దాకా ఖర్చవుతుందనే లెక్క వెయ్యాలి. తక్కువైతే మంచిదే.

కుటుంబ డిడక్టిబుల్ ఎలా నడుస్తుందో కూడా చదువు. కొన్ని ప్లాన్లలో ఒక్కొక్కరికీ విడిగా చిన్న డిడక్టిబుల్ ఉంటుంది. కొన్నిట్లో కుటుంబం మొత్తానిది నిండితేగానీ ప్లాన్ చెల్లించడం మొదలుపెట్టదు. బిడ్డ పుట్టగానే తన పేర బిల్లులు వేరుగా వస్తాయి కాబట్టి ఈ తేడా మీకు నేరుగా తగులుతుంది.

హెచ్ఎస్ఏ తీసుకుంటే ఖాతా జనవరి మొదట్లోనే తెరిచి, కనీసం కొంత డబ్బు పడేలా చూసుకో. ఖాతా ఏర్పడక ముందు జరిగిన ఖర్చుకి ఆ డబ్బు పన్ను లేకుండా వాడుకోవడానికి వీల్లేదు. ఖాతా ఉంటే చాలు, ఫిబ్రవరి బిల్లు అప్పటికి చేతి నుంచి కట్టి, ఆగస్టులో ఖాతా నిండాక వెనక్కి తీసుకోవచ్చు. రసీదు దాచుకోవాలి. 2026లో ఆ ఖాతాలో వేసుకోవడానికి కుటుంబానికి హద్దు 8,750 డాలర్లు, కంపెనీ వేసేది కూడా అందులోకే వస్తుంది. జీతం నుంచి వేయిస్తే ఫెడరల్ పన్నూ, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులూ తప్పుతాయి. మీది న్యూజెర్సీ కాబట్టి రాష్ట్ర పన్ను మాత్రం తప్పదు.

చాలామంది జంటలు పడే గుంత ఇంకోటుంది. అల్లుడుగారు తన ఆఫీసులో మామూలు హెల్త్ ఎఫ్ఎస్ఏకి (వైద్యం ఖర్చులకి జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టే ఇంకో ఖాతా) టిక్ పెడితే, ఆ డబ్బు నీ ఖర్చులకీ వాడుకోవచ్చు కాబట్టి, నువ్వు హెచ్ఎస్ఏలో వెయ్యడానికి అర్హత పోతుంది. రెండు ఆఫీసుల వాళ్ళకీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు, ఎవరూ హెచ్చరించరు. పళ్ళకీ కళ్ళకీ మాత్రమే పనికొచ్చే లిమిటెడ్ పర్పస్ ఎఫ్ఎస్ఏ అయితే ఇబ్బంది లేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చునే ఎంచుకోండి. నిన్ను ఆయన ప్లాన్‌లో చేర్చే ఆలోచన ఉంటే స్పౌజ్ సర్‌చార్జ్ ఉందేమో చూడండి. సొంత ఆఫీసులో ఇన్సూరెన్స్ దొరికే భార్యాభర్తలకి కొన్ని కంపెనీలు అది అదనంగా వేస్తాయి.

జనవరిలో ప్లాన్ మారితే అప్పటికి నీకు ఎనిమిదో నెల. కాబట్టి నీ డాక్టరు బిల్లింగ్ వాళ్ళకి ఫోన్ చేసి, ఇన్సూరెన్స్ కంపెనీ పేరొక్కటే కాదు, ప్లాన్ పూర్తి పేరూ, నెట్‌వర్క్ (ప్లాన్‌తో ఒప్పందమున్న డాక్టర్లు, ఆసుపత్రులు) పేరూ చెప్పి, అందులో ఉన్నారా అని అడుగు. ఒకే కంపెనీకి నాలుగైదు నెట్‌వర్కులుంటాయి. ఆసుపత్రినీ, పిల్లల డాక్టరునీ విడిగా అడగాలి. మత్తు డాక్టరు నెట్‌వర్క్ బయటి మనిషైనా, ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉంటే 2022 నుంచి నో సర్‌ప్రైజెస్ చట్టం ఆ బయటి బిల్లు నుంచి నిన్ను కాపాడుతుంది. రోడ్డు మీద వెళ్ళే అంబులెన్స్‌కి ఆ రక్షణ లేదు. నీ డాక్టరు కొత్త ప్లాన్‌లో లేకపోతే ట్రాన్సిషన్ ఆఫ్ కేర్ ఫారం ఉందా అని అడుగు. నెలలు నిండుతున్నవాళ్ళకి పాత డాక్టరు దగ్గరే కాన్పు చేయించుకోనివ్వడానికి చాలా ప్లాన్లు దాన్ని ఇస్తాయి.

బిడ్డ పుట్టాక 30 రోజుల్లో ప్లాన్‌లో చేర్చాలి. ఆసుపత్రి వాళ్ళు చేరుస్తారనుకోకు, వాళ్ళ పని కాదది. సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చేదాకా కూడా ఆగకు. నంబరు తర్వాత ఇస్తానని హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి పేరు నమోదు చెయ్యి. గడువులో చేరిస్తే పుట్టిన రోజు నుంచే వర్తిస్తుంది. దాటితే సాధారణంగా మళ్ళీ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా దారి లేదు. ఇది అల్లుడుగారి ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టించు, పురిటి మంచం మీద నీకు గుర్తుండదు. బిడ్డని రెండు ప్లాన్లలోనూ చేరిస్తే, క్యాలెండర్‌లో ఎవరి పుట్టినరోజు ముందొస్తే మామూలుగా వాళ్ళ ప్లానే మొదట చెల్లించాలి. ఏ సంవత్సరంలో పుట్టారన్నది లెక్క కాదు. ఇది తెలియక బిల్లులు రెండు కంపెనీల మధ్య నెలల తరబడి తిరుగుతాయి. ఒక్క ప్లాన్‌లోనే చేర్చడం నా మాట.

డేకేర్ కోసం డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ హద్దు 2026 నుంచి ఇంటికి 7,500 డాలర్లయింది. మీ కంపెనీ దాన్ని అమలు చేస్తోందో లేదో అడుగు. పురిటికి వచ్చి మీ అమ్మ అక్కడ ఉన్నన్నాళ్ళూ డేకేర్ అక్కర్లేదు కదా, వాడని డబ్బు పోతుంది. ఇప్పుడు టిక్ పెట్టకు. డేకేర్ మొదలైనప్పుడు మార్పు కోరవచ్చు, దానికీ మామూలుగా 30 రోజులే.

మీ అమ్మని నీ ఆఫీసు ప్లాన్‌లో చేర్చడం దాదాపు ఎక్కడా కుదరదు. తనకి విజిటర్ ఇన్సూరెన్స్ విమానం ఎక్కకముందే కొను. ఫిక్స్‌డ్ రకం ఒక్కో చికిత్సకి ఇంతని చిన్న మొత్తం ఇచ్చి చేతులు దులుపుకుంటుంది, కాంప్రిహెన్సివ్ రకమే తీసుకో. తనకి బీపీ, షుగరు ఉన్నాయి కాబట్టి "అక్యూట్ ఆన్‌సెట్" (పాత జబ్బు ఉన్నట్టుండి ముదరడం) అన్న చోట వయసు హద్దు ఎంతో, ఎంతవరకు ఇస్తారో చదువు. పాత జబ్బుకి రోజువారీ వైద్యం అందులో ఉండదు. ఉన్నన్నాళ్ళకీ సరిపడా మందులు, చీటీతో సహా, ఇక్కడి నుంచే తెస్తుంది.

సబ్మిట్ నొక్కాక వచ్చే కన్ఫర్మేషన్ పీడీఎఫ్ ఆఫీసు మెయిల్‌లో కాకుండా సొంత మెయిల్‌లో పెట్టుకో. జనవరి మొదటి పే స్లిప్‌లో కోతలు దానితో సరిపోల్చు. తేడా ఉంటే ఆ రోజే హెచ్ఆర్‌కి రాయి, ఆలస్యమైతే సరిచెయ్యడం కష్టం. నాలుగు ప్లాన్ల అంకెలూ కాగితం మీద వేసి ఫోటో పంపు, శనివారం మీ ఉదయం వేళకి ఫోన్‌లో కూర్చుందాం.

మీ పెద్దమ్మ