కాలనీని నమ్మే ముందు

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

ల్యాబ్‌లో బ్యాక్టీరియాని గుర్తించే పనిలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత పొంగిపోయానో, అంత గుబులూ పట్టుకుంది. నువ్వు రాసిచ్చే పేరును బట్టే డాక్టర్లు మందు ఎంచుకుంటారు. చేతులు కడుక్కోవడం, శాంపిల్ మీద పేరూ నంబరూ సరిచూసుకోవడం నీకు చెప్పక్కర్లేదు.

1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ చూపిన స్టెయినే (బ్యాక్టీరియాకి రంగు పట్టించి రెండు జట్లుగా విడదీసే పద్ధతి) ఇప్పటికీ తొలిమెట్టు. క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, చివర్లో సఫ్రనిన్ ఒక్కో నిమిషం. కాస్త అటూఇటూ అయినా పరవాలేదు. అయోడిన్ తర్వాత పోసే ఆల్కహాల్ దగ్గరే జాగ్రత్త. జారే చుక్కల్లో ఊదారంగు ఆగగానే నీళ్లతో కడిగెయ్. ఆలస్యమైతే ఊదారంగు నిలుపుకోవాల్సిన గ్రామ్ పాజిటివ్‌లు కూడా గ్రామ్ నెగటివ్‌ల్లా గులాబీకి తిరుగుతాయి. అదే స్లైడు మీద స్టెఫైలోకోకస్ ఆరియస్ (గ్రామ్ పాజిటివ్), ఈ. కోలై (గ్రామ్ నెగటివ్) పూతలు చెరో పక్క పెట్టుకుంటే తప్పు అక్కడే బయటపడుతుంది.

నా అసలు భయం మకాంకీ ప్లేటు గురించి, అదే గ్రామ్ నెగటివ్‌లను పెంచే అగార్ జెల్లీ పళ్లెం. గులాబీ కాలనీ (ఒకచోట గుంపుగా పెరిగిన బ్యాక్టీరియా చుక్క) విడిగా, గుండ్రంగా కనబడగానే దాన్నే తీసి టెస్టులు పెట్టేయడం మన పనిలో పాత తప్పు. ఆ అగార్‌లోని బైల్ సాల్ట్స్, క్రిస్టల్ వయొలెట్ గ్రామ్ పాజిటివ్‌లను పెరగనివ్వవు, అంతేగాని అన్నిటినీ చంపవు. కాలనీ అడుగునా పక్కనా అవి కంటికి ఆనకుండా బతికే ఉంటాయి. కాలనీని తీసే తీగ లూప్‌తో పాటు అవీ వస్తే రెండిటి ఫలితాలూ కలిసిపోతాయి. ఏ పేరుకీ సరిపోకపోతే నయమే, అనుమానమైనా వస్తుంది. సరిపోయే వేరే పేరు దొరికితేనే ప్రమాదం. అందుకే కాలనీ పైభాగాన్ని మాత్రం తాకి, బ్లడ్ అగార్ (రక్తం కలిపిన అగార్) మీద నాలుగు భాగాలుగా గీయి. ప్రతి భాగానికీ లూప్ కాల్చి చల్లారనివ్వు. 35 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాక ఒకే రకం కాలనీలు ఉంటేనే టెస్టులకు వెళ్లు. టెస్టుల్లో పోసిన సస్పెన్షన్‌లోంచి (బ్యాక్టీరియా కలిపిన ద్రవంలోంచి) ఒక చుక్క మళ్లీ బ్లడ్ అగార్ మీద గీయి. మర్నాడు అందులో రెండు రకాలు మొలిస్తే ఆ ఫలితాలన్నీ పారెయ్. ఒక రోజు పోతుందని ఎవరు విసుక్కున్నా సరే, తల్లీ. ఈలోగా గ్రామ్ స్టెయిన్ రిపోర్టు డాక్టరుకి ఫోన్‌లో చెప్పొచ్చు.

కెటలేస్ అనే ఎంజైమ్ ఉందో లేదో బుడగలను బట్టి చూసే టెస్టుకి చెక్కపుల్లతో కాలనీ పైపైన తియ్యి; రక్తకణాల్లోనూ ఆ ఎంజైమ్ ఉంటుంది, అగార్ గీరుకుంటే ఉత్తినే బుడగలొస్తాయి. ఆక్సిడేస్ అనే ఇంకో ఎంజైమ్ టెస్టుకి నైక్రోమ్ లోహపు లూప్ వాడకు.

మాల్డీ-టాఫ్ (ప్రొటీన్ల బరువును బట్టి బ్యాక్టీరియాని గుర్తించే యంత్రం) నిమిషాల్లో పేరు చెబుతుంది, నిజమే. కానీ ఈ. కోలైనీ, దాని దగ్గరి చుట్టం షిజెల్లానీ అది నమ్మకంగా విడదీయలేదు. బ్యాక్టీరియాని గుర్తించడానికి వాడే 16ఎస్ జన్యువు చదివినా అంతే. అక్కడ చలనం, గ్లూకోజ్ నుంచి గ్యాస్, లైసిన్ టెస్టు చూసి, యాంటీసీరంతో (ఫలానా బ్యాక్టీరియాకే అతుక్కునే యాంటీబాడీలున్న ద్రవంతో) తేల్చుకో.

ఇంకొకటి, ఇది ఆజ్ఞ అనుకో. ప్లేటు మూత తీసి వాసన చూడకు. రెండు మూడు రోజులకు గాని కనబడని చిన్న కాలనీలు, స్టెయిన్‌లో నలుసుల్లాంటి గులాబీ కణాలు ఉంటే బ్రూసెల్లా అనే ప్రమాదకరమైన బ్యాక్టీరియా కావచ్చు, అది గాలిలోంచే పట్టుకుంటుంది. మూతకి టేపు వేసి, బయోసేఫ్టీ క్యాబినెట్‌లో పెట్టి, సీనియర్లను పిలువు.

ఉత్తరం రాయి.

నీ పెద్దమ్మ