అభిశంసిస్తే పదవి పోయినట్టేనా?

సందేహం: అమెరికా అధ్యక్షుడిని అభిశంసించాలా వద్దా అన్న వాదం రేగినప్పుడల్లా మా మిత్రబృందంలో మాటల దగ్గరే తగవు మొదలవుతోంది. ‘ట్రంప్‌ను రెండుసార్లు అభిశంసించారు’ అని ఒకరంటారు. ‘పదవి పోలేదు కదా, అభిశంసన వీగిపోయింది’ అని ఇంకొకరు. అభిశంసన అంటే తొలగింపేనా? అభిశంసన, మహాభియోగం ఒకటేనా? అక్కడి పార్టీల వాదాన్ని ‘పక్షపాత చర్చ’ అనవచ్చా? ‘అభిశంసించబడిన అధ్యక్షుడు’ అనే ప్రయోగం సరైనదేనా?

సమాధానం: అభిశంసన (ఇంపీచ్‌మెంట్) అంటే తొలగింపు కాదు, నేరం మోపడం. మీ మిత్రుల్లో మొదటివారి మాటే సరైనది. 2019 డిసెంబరు 18న ఒకసారి, 2021 జనవరి 13న ఇంకోసారి అక్కడి దిగువ సభ అయిన ప్రతినిధుల సభ ట్రంప్‌ను అభిశంసించింది. రెండుసార్లూ తీర్మానాలు నెగ్గాయి. ఆ తర్వాత ఎగువ సభ సెనేట్ విచారణ జరిపినప్పుడు, దోషి అని తేల్చడానికి కావలసిన మూడింట రెండు వంతుల ఓట్లు రాలేదు. అంతవరకే. ‘వీగిపోవడం’ అనేది ఓడిన తీర్మానానికి చెల్లే మాట. నెగ్గిన తీర్మానానికి దాన్ని తగిలిస్తే జరిగిన పని జరగలేదని చెప్పినట్టవుతుంది.

మాట పుట్టుక చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. ‘శంస్’ ధాతువుకు చెప్పడం, పొగడడం అని అర్థాలు. ప్రశంస, శుభాశంసలు అన్న మాటల్లో ఉన్నది అదే. ‘అభి’ ముందు చేరేసరికి ఆ చెప్పడం ఒకరి మీద చెప్పడంగా, నిందగా మారింది. అమరకోశంలో శబ్దాదివర్గం తీసి చూడండి: ‘మిథ్యాభియోగం’, ‘మిథ్యాభిశంసనం’ దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. అబద్ధపు నిందను చెప్పడానికి ‘మిథ్యా’ అని ప్రత్యేకంగా చేర్చవలసి వచ్చిందంటే, ఒట్టి అభియోగం గానీ, ఒట్టి అభిశంసనం గానీ నిజమా అబద్ధమా అన్నది చెప్పవన్నమాట. మోపిన నేరం రుజువు కావచ్చు, కాకపోవచ్చు. ప్రతినిధుల సభ చేసే పనికి ఇంతకన్నా తగిన మాట నాకు కనిపించదు.

మరి తొలగింపు అన్న అర్థం ఎలా అంటుకుంది? మన రాజ్యాంగంలోని 61వ అధికరణం వల్ల అని నా అభిప్రాయం. అక్కడ ఒక సభ అభియోగం మోపుతుంది, రెండో సభ దర్యాప్తు జరుపుతుంది. అభియోగం రుజువైందని ఆ సభ మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మెజారిటీతో తీర్మానిస్తే, ఆ రోజు నుంచే రాష్ట్రపతి పదవి పోయినట్టు. ఆ ప్రక్రియ మొత్తానికీ మనం పెట్టుకున్న పేరు ఒక్కటే కాబట్టి, అభిశంసన అనగానే చివరి మెట్టు గుర్తొస్తుంది. అమెరికాలో మొదటి మెట్టుకే ఆ పేరు.

మహాభియోగం విషయానికొస్తే, హిందీలో స్థిరపడిన ఆ మాటను మన పాఠ్యపుస్తకాలూ పోటీపరీక్షల పుస్తకాలూ రాష్ట్రపతి సందర్భంలో వాడుతున్నాయి. పత్రికలు ఎక్కువగా అభిశంసన అంటున్నాయి. రెండింటిలో ఏది వాడినా తప్పు లేదు. అసలు చిక్కు వేరే చోట ఉంది. సెన్షర్ తీర్మానాన్ని, అంటే పదవి జోలికి పోకుండా సభ తన నిరసన తెలిపే తీర్మానాన్ని కూడా మనవాళ్లు ‘అభిశంసన తీర్మానం’ అనే రాస్తున్నారు. అమెరికా రాజకీయాల్లో ఈ రెండింటికీ హస్తిమశకాంతరం. 1834లో సెనేట్ అప్పటి అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ మీద సెన్షర్ తీర్మానం చేసింది, 1837లో దాన్ని సెనేటే రికార్డుల నుంచి కొట్టివేసింది. ఆయనకు అభిశంసన విచారణ జరగనే లేదు. 1998లో అధ్యక్షుడు క్లింటన్‌ను అభిశంసించాలన్న గొడవ ముదిరినప్పుడు డెమోక్రాట్లు చాలామంది ‘అభిశంసన వద్దు, సెన్షర్ చాలు’ అని వాదించారు. తెలుగులో రెండింటికీ ఒకే మాట పెడితే ఆ వాక్యం ‘అభిశంసన వద్దు, అభిశంసన చాలు’ అని తయారవుతుంది. ఒక పక్షం వాదం మొత్తం మాయమైపోతుంది. అందుకని సెన్షర్‌కు ‘మందలింపు తీర్మానం’ అనో ‘ఖండన తీర్మానం’ అనో రాయడం మేలు. ‘అవిశ్వాసం’ మాత్రం ఇక్కడ అసలు పొసగదు. ప్రభుత్వం మీద అవిశ్వాసం పెట్టడానికి నేరం చూపనక్కరలేదు, సభలో బలం లేదని తేలితే చాలు.

మీరు అడగకపోయినా ‘నిర్దోషి’ అన్న మాట గురించి చెప్పవలసి ఉంది, ఎందుకంటే పార్టీల వాదం ఎక్కువగా నడిచేది దాని మీదే. 1868లో అప్పటి అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ దోషి అని 35 మంది సెనేటర్లు ఓటేశారు, కాదని 19 మంది. కావలసినవి 36. ఒక్క ఓటుతో పదవి నిలిచింది. 1999 ఫిబ్రవరి 12న క్లింటన్ మీది రెండో అభియోగంపై ఓట్లు 50–50గా చీలాయి. 2021 ఫిబ్రవరి 13న ట్రంప్ దోషి అన్నవారు 57, కాదన్నవారు 43. సభలో ఎక్కువమంది దోషి అన్న సందర్భంలో ‘ట్రంప్ నిర్దోషి అని సెనేట్ తేల్చింది’ అని రాస్తే చదివేవారికి ఏం బోధపడుతుంది? సభ యావత్తూ ఆయనకు మచ్చలేదని చెప్పినట్టుంటుంది. చట్టం దృష్టిలో ఆయన అభియోగాల నుంచి విముక్తుడయ్యాడు, అది నిజం, దాన్ని తగ్గించి చెప్పకూడదు. ‘దోషిగా తేల్చడానికి చాలినన్ని ఓట్లు రాలేదు, అభియోగాల నుంచి బయటపడ్డాడు’ అంటే ఇటూ అటూ ఒరగకుండా ఉంటుంది. అభిమానులు కడిగిన ముత్యమన్నా, వ్యతిరేకులు తీరని కళంకమన్నా అది వాళ్ల వాదం. వార్త రాసేవాడి వాక్యంలోకి అది జొరబడకూడదు.

‘పక్షపాత చర్చ’ వద్దనడానికీ కారణం ఇదే. పక్షం వేరు, పక్షపాతం వేరు. న్యాయాన్ని పక్కనపెట్టి ఒకవైపు మొగ్గడం పక్షపాతం. అది నింద. పార్టీలవారీగా ఓట్లు చీలడం మాత్రం కంటికి కనిపించే విషయం. 2019లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్లు ఒక్కరు కూడా అభిశంసనకు అనుకూలంగా ఓటేయలేదు. 2020లో సెనేట్‌లో ఆ పార్టీ నుంచి మిట్ రోమ్నీ ఒక్కరే, అదీ అధికార దుర్వినియోగం అన్న అభియోగం మీద మాత్రమే, దోషి అన్నారు. 2021లో ప్రతినిధుల సభలో 10 మంది, సెనేట్‌లో ఏడుగురు సొంత పార్టీకే చెందిన ట్రంప్‌కు వ్యతిరేకంగా ఓటేశారు. ఈ మూడు సందర్భాలనూ ‘పక్షపాతం’ అన్న ఒకే గాటన కడితే వాటి మధ్య తేడా కనబడదు. ‘పార్టీలవారీగా చీలిన చర్చ’, ‘పక్షాల మధ్య వాగ్వాదం’ అనండి. ఇలా చీలిక వస్తుందని అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ అలెగ్జాండర్ హామిల్టన్ 1788లోనే రాశాడు: ఇలాంటి విచారణ సమాజం మొత్తంలో ఆవేశాలు రేపుతుందనీ, నిందితుడికి అనుకూలురు, ప్రతికూలురు అని జనాన్ని పక్షాలుగా విడదీస్తుందనీ.

ఇంకో అనువాదం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. ఏ నేరాలకు అధ్యక్షుడిని అభిశంసించవచ్చో చెబుతూ అక్కడి రాజ్యాంగం దేశద్రోహం, లంచం తర్వాత ‘హై క్రైమ్స్ అండ్ మిస్‌డిమీనర్స్’ అంటుంది. దీన్ని ‘పెద్ద నేరాలు, చిన్న నేరాలు’ అని తెనిగించినవారున్నారు. అధ్యక్షుడిని చిన్న నేరానికి కూడా తొలగించవచ్చన్న అర్థం వస్తుంది, అది అసంబద్ధం. ఈ పదబంధం పాత ఇంగ్లండు పార్లమెంటు నుంచి వచ్చింది. అక్కడ ‘హై’ అన్నది రాజ్యానికి, అధికారానికి చేసిన ద్రోహాన్ని సూచించేది. హామిల్టన్ కూడా ప్రజల నమ్మకాన్ని వమ్ము చేయడమే ఈ నేరాల లక్షణమన్నాడు. ‘అధికారంలో ఉండి చేసిన ఘోర నేరాలు, దుశ్చర్యలు’ అంటే మూలానికి దగ్గరగా ఉంటుంది. శిక్షాస్మృతిలో ఉన్న నేరం జరిగితీరాలా, అధికార దుర్వినియోగం ఒక్కటే చాలదా అన్నదే తరచూ రెండు పార్టీల పోరు. సభలో మెజారిటీ సభ్యులు ఆ సమయానికి ఏది అభిశంసనార్హం అనుకుంటే అదే అభిశంసనార్హమని 1970లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల నాయకుడు జెరాల్డ్ ఫోర్డ్ ఒక న్యాయమూర్తి విషయంలో అన్నాడు. ‘చిన్న నేరాలు’ అని తెనిగించినవారు ఈ పోరు తెగకముందే ఒక పక్షానికి తీర్పు రాసిచ్చేస్తున్నారు.

ఇక ‘అభిశంసించబడిన’. వ్యాకరణం ఒప్పుకుంటుంది, తెలుగు నుడికారం ఒప్పుకోదు. పైగా ‘బడు’ చేరగానే పని చేసినవారు వాక్యంలోంచి తప్పుకుంటారు. ‘ప్రతినిధుల సభ అభిశంసించిన అధ్యక్షుడు’ అంటే ఎవరు చేశారో, ఎక్కడివరకు వచ్చిందో రెండూ తెలుస్తాయి. ‘అభిశంసనకు గురైన’ అన్నా బాగుంటుంది. ఆ విశేషణాన్ని అధ్యక్షుడు నిక్సన్‌కు మాత్రం వాడకండి. 1974 జూలైలో ప్రతినిధుల సభ న్యాయవ్యవహారాల సంఘం మూడు అభియోగాలను ఆమోదించింది గానీ, సభ ఓటింగుకు రాకముందే ఆయన రాజీనామా చేసి ఆగస్టు 9న దిగిపోయాడు. పదవి పోయింది, అభిశంసన జరగలేదు. జాన్సన్, క్లింటన్, ట్రంప్‌ల విషయంలో అభిశంసన జరిగింది, దాని వల్ల పదవి పోలేదు. మీ మిత్రులకు ఈ నలుగురి సంగతీ చెప్పండి.