గుణింతం పాడే పిల్లలకు చదవడం రావాలంటే

విజయనగరం

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో టీచరుగా పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. అయిదు తరగతులకు ఇద్దరే టీచర్లట, మూడు నుంచి అయిదు వరకు నీ చేతికి వచ్చాయట. అయిదో తరగతి పిల్లలు కూడా కూడబలుక్కుని చదువుతున్నారని, సిలబస్ ఎప్పటికి పూర్తవుతుందోనని బెంగ పెట్టుకున్నావట. సిలబస్ సంగతి తర్వాత చూద్దాం. చదవడం రాని పిల్లలకు పరిసరాల పాఠమూ రాదు, లెక్కల పుస్తకంలో రాత లెక్కా అర్థం కాదు. ముందు చదవడం ఒక్కటే పట్టుకో.

మొదటి వారం పాఠం మొదలుపెట్టకు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, మిగతావాళ్లకు వినబడకుండా చదివించు. అక్షరాలు, చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, చిన్న కథ. ఈ నాలుగు మెట్లలో ఎవరు ఎక్కడ ఆగారో ఒక నోటుబుక్కులో రాసుకో. ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వేలో ఊరూరా పిల్లల చేత చదివిస్తున్నది ఇలాంటి కాగితమే. పాఠ్యపుస్తకం మాత్రం పరీక్షకు వాడకు. ఎందుకో చెబుతాను.

నాలుగో తరగతిలో నా దగ్గర ఒక పిల్లవాడు ఉండేవాడు. పుస్తకం తెరిస్తే గడగడా చదివేసేవాడు, తనిఖీకి వచ్చినవాళ్లు భుజం తట్టి వెళ్లేవారు. వాడి వేలు చూశాను. నోరు మూడో వరుసలో ఉంది, వేలు రెండో వరుస దాటలేదు. ఒక అట్టముక్కకు మాట పట్టేంత కంత చేసి, పేజీ మధ్యలో పెట్టి, అందులో కనబడింది చదవమన్నాను. పెదవులు కదులుతున్నాయి కానీ మాట బయటికి రాలేదు. పాఠం మొదటి నుంచి లోలోపల వల్లించుకుంటూ ఆ మాట దగ్గరికి రావాలని చూస్తున్నాడు పాపం. విన్నది విన్నట్టు గుర్తుపెట్టుకోగలిగిన పిల్లవాడిని మొద్దు అనగలమా? వాడికి ఎవరూ చదవడం నేర్పలేదు, అంతే. ఆ అట్టముక్క నువ్వూ చేసుకో. నీ తరగతిలో ఇలాంటివాళ్లు తప్పకుండా ఉంటారు, వెనక బెంచీలోనే కాదు, ముందు వరుసలోనూ.

గుణింతం దగ్గరా ఇదే తంతు. క నుంచి కః దాకా రాగం తీసి పాడతారు. మధ్యలో 'కో' చూపించి ఇదేమిటంటే మళ్లీ క, కా, కి అంటూ బయలుదేరతారు. మీ పక్కనే ఉన్న ఇచ్ఛాపురంలో పని ఉన్నవాడు ప్రతిసారీ ఇంత దూరం విజయనగరం వచ్చి రైలెక్కినట్టు. పాడటం మాన్పించవద్దు, దానితోనే ఆగవద్దు. గుణింతపు గుర్తులను విడివిడిగా చూపించు. కొమ్ము ఒక్కటే తీసుకుని కు, గు, తు, పు, ము అని అడ్డంగా చదివించు. వెంటనే ఆ రోజే గుడి, పులి, ముక్కు లాంటి మాటల్లోకి తీసుకుపో. గుర్తు ఒక అక్షరానికి అతుక్కుని ఉండదని, ఎక్కడ పెట్టినా అదే పలుకుతుందని వాళ్లకు తట్టిన రోజు నీకే తెలుస్తుంది. గోడ మీద రాసినవన్నీ చదువుతూ ఇంటికి వెళతారు.

అక్షరాలు రానివాళ్లకు అ, ఆలు మొదలు బండి ర దాకా వరుసగా దిద్దించడానికి పూనుకోకు. వరుస తర్వాత వస్తుంది. ల, వ, త, జ, డ, ప వస్తే వల, తల, జడ, పడవ చదవగలరు. తీరప్రాంతం పిల్లలకు వల, పడవ చదవడం ఎంత సంతోషమో నువ్వే చూస్తావు. మ, య పక్కపక్కన పెట్టి, ప, వ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో వాళ్ల చేతనే చెప్పించు. ఒత్తులకు తొందరపడకు. అక్క, అమ్మ, అవ్వ, బువ్వ వంటి ద్విత్వాలు బాగా నలిగాకే వేరే అక్షరం ఒత్తుగా వచ్చే సంయుక్తాలు. మ, య, ర, త, న ఒత్తుల రూపానికి అసలు అక్షరానికి పోలిక కనబడదు కనుక వాటికి ఎక్కువ రోజులు ఇవ్వాలి.

రోజూ ఒక గంట తరగతి గీతలు చెరిపేసి, మెట్టును బట్టి కూర్చోబెట్టు. అయిదో తరగతి అబ్బాయి మూడో తరగతి పిల్లల పక్కన కూర్చోవడానికి సిగ్గుపడతాడు. అక్కడ చార్టు పట్టుకునే బాధ్యతో, చిన్నవాళ్లకు మాటలు చూపించే పనో అప్పగించు. ఆ గంటలో నువ్వు కనీసం నలుగురైదుగురి చదువు విడిగా వినాలి. ఫోనులో వివరాలు నమోదు చేయమనీ, ఫోటోలు పెట్టమనీ అడుగుతూనే ఉంటారు. ఆ పని బడి వదిలాక చేసుకో. ఆ గంట పిల్లలది.

పిల్ల ఒక మాట దగ్గర ఆగితే వెంటనే అందించకు. మనసులో అయిదు లెక్కపెట్టు. చాలాసార్లు ఆలోగా తనే చెబుతుంది. మాట తప్పు పలికినా భావం మారకపోతే వాక్యం పూర్తయ్యేదాకా ఆపకు. ఒకటి రెండు వారాలైనా పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకునే చదువుతుంటే కళ్లు పరీక్ష చేయించమని ఇంట్లోవాళ్లకు చెప్పు.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లో మూడో తరగతి పిల్లలు నిమిషానికి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టారు. లక్ష్యం మంచిదే. కానీ 'మాట్లాడుకుంటున్నారు' అన్నంత పొడుగుదీ మన భాషలో ఒకే మాట కింద లెక్క అని మరిచిపోకు. గడియారం పెట్టి పరుగులు తీయిస్తే పిల్లలు సగం మింగేసి చదువుతారు. అదే పేరా మూడు రోజులు చదివిస్తే వేగం దానంతట అదే వస్తుంది. చదివాక అడిగే ప్రశ్న పుస్తకంలో వేలు పెట్టి చూపించగలిగేది కాకూడదు. "వాడు ఎందుకు అలా చేశాడంటావు? నువ్వైతే ఏం చేసేదానివి?" అని అడుగు.

అన్నిటికన్నా బాగా పనికొచ్చేది వాళ్ల మాటలే. మీ కవిటి చుట్టుపక్కల ఉద్దానంలో 2018 అక్టోబరు తిత్లీ తుపాను గురించి చెప్పలేని ఇల్లు ఉండదు. నీ పిల్లలు అప్పటికి మరీ పసివాళ్లు, కొందరు పుట్టనే లేదేమో. ఆ రాత్రి ఏం జరిగిందో నానమ్మనో అమ్మమ్మనో అడిగి రమ్మను. మర్నాడు వాళ్లు చెప్పింది చెప్పినట్టు పెద్ద అక్షరాలతో చార్టు మీద రాయి. "మా తోటలో కొబ్బరిచెట్లు పడిపోయాయి. నానమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది." తన మాట తానే గోడ మీద చూసుకున్న పిల్ల పదిసార్లు చదువుతుంది, పక్కవాళ్లను లాక్కొచ్చి చదివిస్తుంది. ఇంటి మాట వస్తే దిద్దకుండా అలాగే ఉంచు. పుస్తకంలో మాట పక్కన చెబితే చాలు.

ఒడిశా సరిహద్దు కదా, ఆ వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు కూడా ఉంటారు. వాళ్లు తెలుగు చదవలేకపోతే అది తెలివి తక్కువై కాదు. 1863లో మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ ముందు తాను అక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకున్నారు. ఆ తర్వాతే సవర పిల్లల కోసం పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. నువ్వు బొమ్మ చూపించి "దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?" అని అడగడంతో మొదలుపెట్టు. ఆ ప్రశ్నతో నోరు విప్పని పిల్లలు నోరు విప్పుతారు.

బడిలో కథల పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉంటే తీయించు. కిటికీకి తాడు కట్టి, వాళ్ల చేతికి అందే ఎత్తులో వేలాడదీయి. చిరిగితే చిరగనీ, స్టాకు రిజిస్టరులో వాడకంలో చిరిగిందని రాసి సంతకం పెట్టు. మధ్యాహ్నం భోజనాల తర్వాత పది నిమిషాలు నువ్వే ఒక కథ గొంతు మార్చి చదివి వినిపించు. వాళ్లు చూస్తుండగా నీ పుస్తకం నువ్వూ చదువుకో. శ్రీకాకుళం వెళ్లినప్పుడు కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు గారు) 1997లో తెలుగు కథల కోసం నెలకొల్పిన గ్రంథాలయం కథానిలయానికి తప్పక వెళ్లు.

చాలా ఇళ్లలో అమ్మానాన్నలు పనుల కోసం దూరం వెళ్లి ఉంటారు, పిల్లలు ముసలివాళ్ల దగ్గర ఉంటారు. "మాకేం చదువు వచ్చమ్మా" అంటుంది నానమ్మ. ఆమెకు చదువు రానవసరం లేదు. సాయంత్రం మనవరాలు చదువుతుంటే పక్కన కూర్చుని విని, "తర్వాత ఏమైంది?" అని అడిగితే చాలని చెప్పు. రాత్రి నాన్న ఫోను చేసినప్పుడు నాలుగు వాక్యాలు చదివి వినిపించమను.

దసరా సెలవులకు ముందు ఒక్కొక్కరి చేతికీ తన మెట్టుకు తగిన పుస్తకం ఇచ్చి పంపించు. సెలవులకు నువ్వు విజయనగరం వస్తావు కదా, ఆ నోటుబుక్కు కూడా పట్టుకురా. ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ