పాదరసం ఎక్కడికి పోతోంది? - పాఠకుల సందేహాలు

ప్రశ్న: లీటరుకు 5 మైక్రోగ్రాముల పాదరసం కలిపిన నీటిని ప్లాస్టిక్ సీసాలో దాచి, వారం తర్వాత కోల్డ్ వేపర్ పద్ధతిలో (పాదరసాన్ని లోహపు ఆవిరిగా మార్చి, అది ఎంత కాంతిని పీల్చుకుందో చూసే పద్ధతి) కొలిస్తే సగమే వచ్చింది. పరికరంలో లోపమా?

జవాబు: పాదరసం ఎంతుందో తెలిసేలా అప్పటికప్పుడు చేసిన స్టాండర్డ్‌ల రీడింగ్ సరిగ్గా ఉంటే పరికరాన్ని అనుమానించకండి. తరుగు సీసాలోనే జరిగింది. ఆమ్లం కలపని నీటిలో పాదరసం గోడకు అంటుకుంటుంది. కొంత లోహరూపంలోకి మారి, ఆవిరిగా పాలిథిలిన్ గుండా బయటికి పోతుంది. (గదిలో థర్మామీటర్ పగిలిందంటే ఆ ఆవిరి అదే దారిన లోపలికీ వస్తుంది.) గాజు లేదా టెఫ్లాన్ సీసా వాడండి. నీరు పట్టిన వెంటనే నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కంటే తగ్గించండి. నానోగ్రాముల స్థాయిలో కొలవాలంటే 100 మి.లీ. నీటికి 0.5 మి.లీ. బ్రోమిన్ మోనోక్లోరైడ్ ద్రావణం మేలు. దాన్ని నమూనా ఉన్న సీసాలోనే పోయాలి, గోడకు అంటింది అప్పుడే కరుగుతుంది. వేరే పాత్రలోకి వంపాక పోస్తే దండగే.

ప్రశ్న: మిథైల్ మెర్క్యురీ (కార్బన్‌కు కట్టుబడిన పాదరసం) స్టాండర్డ్ పెడితే దాదాపు ఏమీ రావడం లేదు. అకర్బన పాదరసం మాత్రం బాగానే వస్తోంది.

జవాబు: రాదు మరి. స్టానస్ క్లోరైడ్ అకర్బన పాదరసాన్నే లోహంగా మారుస్తుంది, కార్బన్‌కు కట్టుబడినదాన్ని కదపలేదు. ముందు దాన్ని విడగొట్టాలి. సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలు, పొటాషియం పర్మాంగనేట్ కలిపి, ఊదా రంగు కనీసం 15 నిమిషాలు నిలిచేదాకా చూడండి. వెలిసిపోతే ఇంకాస్త పర్మాంగనేట్ పోయండి. తర్వాత పొటాషియం పర్‌సల్ఫేట్ కలిపి 95 డిగ్రీల సెల్సియస్ వాటర్ బాత్‌లో 2 గంటలు ఉంచండి. చల్లారాక, కొలిచే ముందు, రంగు పోయేదాకా హైడ్రాక్సిలమైన్ కలపాలి. పర్మాంగనేట్ మిగిలితే అది స్టానస్ క్లోరైడ్‌ను తినేస్తుంది.

సముద్రపు నీటితో ఇంకో చిక్కుంది. అందులోని క్లోరైడ్‌ను పర్మాంగనేట్ క్లోరిన్‌గా మారుస్తుంది. క్లోరిన్ కూడా పాదరసం పీల్చుకునే 253.7 నానోమీటర్ల కాంతినే పీల్చుకుంటుంది కాబట్టి లేని పాదరసం ఉన్నట్టు కనబడుతుంది. హైడ్రాక్సిలమైన్ కాస్త ఎక్కువే పోసి, ద్రవం పైనున్న గాలిని తరిమేశాకే స్టానస్ క్లోరైడ్ వేయండి. ఈ పని మరిచిపోయి వచ్చిన పెద్ద అంకెలను నమ్మేవారే ఎక్కువ.

ప్రశ్న: బ్లాంక్‌కు (పాదరసం కలపని నీటికి) కూడా పీక్ వస్తోంది. ఎందుకు?

జవాబు: బ్లాంక్‌ను వరుసగా నాలుగైదుసార్లు నడపండి. ప్రతిసారీ తగ్గుతుంటే, ముందు పెట్టిన గాఢ నమూనా తాలూకు పాదరసం గొట్టాల్లోనో తేమను పీల్చే డ్రయ్యర్‌లోనో మిగిలి ఉంది. కడిగినా పోకపోతే గొట్టాలు మార్చండి. గడ్డకట్టిన మెగ్నీషియం పెర్‌క్లోరేట్ డ్రయ్యర్‌నైతే వెంటనే మార్చాలి. తగ్గకుండా ఒకే ఎత్తున వస్తుంటే రసాయనాల్లోనే పాదరసం ఉందన్నమాట. స్టానస్ క్లోరైడ్ ద్రావణంలోకి నైట్రోజన్ బుడగలు పంపితే అందులోది ఆవిరిగా వెళ్లిపోతుంది. ఆమ్లాలకు ఆ ఉపాయం పనిచేయదు, వేరే సీసా తెరిచి చూడాల్సిందే.