పాలపన్నుకి ఒక లాకెట్

చేతిపని గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చదువుతుంటే నవ్వొచ్చింది. ఒకరికొకరు తెలియని మనుషులు, ఊళ్ళు వేరు, కానీ అడిగింది మాత్రం ఒకటే: పిల్లలు వేసుకునే ఆట నగ కావాలి, అందులో ఏదో ఒకటి దాచుకునే చోటు ఉండాలి, ఇంట్లో చేసుకునేలా ఉండాలి. అన్నీ ఒడిశా వైపు తెలుగువాళ్ళ ఉత్తరాలే. నేనూ పర్లాకిమిడి దాన్నే కాబట్టి ఈ నెల శీర్షిక మొత్తం వీటికే ఇచ్చేశాను.

మా పాపకి ఏడేళ్ళు. మొన్న మొదటి పాలపన్ను ఊడింది. పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసురుదామని మా అత్తగారంటే, ససేమిరా ఇవ్వనని గుప్పిట్లో పట్టుకుని పడుకుంది. లాకెట్‌లో పెట్టి మెడలో వేసుకుంటుందట! బజార్లో కొన్న లాకెట్లు నాలుగుసార్లు తెరిస్తే ఇక మూతపడవు. ఏదైనా దారి చెప్పండి. (ఒక అమ్మ, రాయగడ)

ఉందండీ. ముందు పన్ను సంగతి చూద్దాం. సబ్బునీళ్ళతో కడిగి, ఒక పూట ఎండలో ఆరనిచ్చి, చిటికెడు దూదిలో చుట్టండి, తడి ఉంటే కంపు కొడుతుంది. అత్తగారికి నా మాటగా చెప్పండి, పాలపళ్ళు మొత్తం 20, ఇంకా 19 ఉన్నాయి, అవన్నీ కప్పు మీదికే పోతాయని.

ఇక లాకెట్. బజారు లాకెట్‌లో ముందు పాడయ్యేది మూతే. కీలు వదులైపోతుంది, నొక్కు అరిగిపోతుంది. కాబట్టి కీలూ నొక్కూ లేని మూత కావాలి మనకి, అది ఖాళీ మంచినీళ్ళ సీసా మెడ మీద రెడీగా ఉంది. మర మూత. అంత కచ్చితమైన మర మనం చేత్తో చెయ్యలేం గాని, కోసి తెచ్చుకోవచ్చు కదా!

సీసా మెడ మీద మరల కింద చుట్టూ పళ్ళెంలా ఒక అంచు పొడుచుకొచ్చి ఉంటుంది చూడండి, దానికి ఒక గోరంత కిందగా హేక్సా బ్లేడుతో కొయ్యండి, పాప కాదు, మీరే. అక్కడ ప్లాస్టిక్ కొద్దిగా విచ్చుకుని ఉంటుంది, మనకి కావలసిందీ అదే. కోసిన అంచుని గచ్చు మీద గుండ్రంగా తిప్పుతూ రుద్దితే గరుకు పోతుంది. అడుగు మూయడానికి ఫెవికాల్ పనికిరాదు, ఈ ప్లాస్టిక్‌కి అంటదు, రెండు పాడు చేసుకున్నాక నాకు బుద్ధొచ్చింది. కుళాయి కారితే వాడే ఎం-సీల్ తీసుకుని, చేతులకి పాలిథీన్ కవరు తొడుక్కుని రెండు ముద్దలూ కలిపి, అప్పచ్చిలా అదిమి, ఆ విచ్చుకున్న అంచుని అందులో గుచ్చండి. ముద్ద అంచుకి లోపలా బయటా ఎక్కేలా వేలితో సర్దండి. గట్టిపడ్డాక లాగినా ఊడి రాదు, ఎందుకంటే అంచు కిందికి విచ్చుకుని ఉంది, అదే దానికి కొక్కెం. ఒక రాత్రి కదపకండి.

సీసా మొదటిసారి తెరిచినప్పుడు మూత నుంచి తెగి మెడకే ఉండిపోయే రింగు ఒకటుంటుంది, దాన్ని కత్తిరించి పారెయ్యండి. అది పోయాక మిగిలిన గాడిలో దారం చుట్టి కట్టేస్తే చాలు, చిల్లు పొడిచే పని లేదు. రంగులూ పువ్వులూ పాపకే వదిలెయ్యండి, పర్మనెంట్ మార్కరు ఒకటిస్తే ఆ పిల్లే చూసుకుంటుంది.

దారం దగ్గర మాత్రం నా మాట వినండి. మనకి ఏది కట్టినా తెగకుండా కట్టడం అలవాటు. పిల్లల మెడలో వేసేది తెగాలి. కిటికీ ఊచకో సైకిల్ హ్యాండిల్‌కో తగులుకుంటే దారం పోవాలి గాని పిల్ల మెడ బిగుసుకోకూడదు. అందుకని మెడ వెనక కొసలు రెంటినీ ముడి వెయ్యకుండా, ఒంటిపోగు నూలుదారంతో రెండే రెండు కుట్లు వేసి కలపండి. వేసే ముందు మీరే లాగి చూడండి, పుటుక్కున తెగిపోవాలి. తెగితే మళ్ళీ కుట్టుకుందురు గాని, ఎంతసేపు. పడుకునేటప్పుడు తీసి గూట్లో పెట్టాలి, ఆ విషయంలో బేరాల్లేవు.

నా చిన్నప్పటి వెండి తాయెత్తు మా మనవరాలి కంటబడింది. తెరిచి చూపించమని రోజూ గొడవ. లోపల రాగిరేకు ఉంది, ఆటకి ఇవ్వకూడదని మా ఆవిడ. అలాంటిదే ఉత్తుత్తిది ఒకటి చేసివ్వాలని ఉంది. వెదురు పని కొద్దిగా వచ్చు. (ఒక తాతగారు, పర్లాకిమిడి)

మన ఊరి ఉత్తరం! తాతగారూ, మామ్మగారి మాటే నాదీ, దాన్ని అలాగే ఉండనివ్వండి. కానీ మీ మనవరాలు అడిగింది చిన్న విషయం కాదు. మన నగల్లో డబ్బాలు ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా గమనించారా? తాయెత్తు ఒక గొట్టం, లోపల రేకు. జంగాల మెడలో లింగకాయ ఒక చిన్న డబ్బా, లోపల లింగం. మెడలోని బంగారు గుండ్లు కూడా చాలావాటికి లోపలంతా బోలే, సొట్టపడకుండా లక్క పోస్తారు. నగలో ఏదో ఒకటి దాచడం మనకి కొత్త కాదు.

వెదురు తెలిసినవాళ్ళకి నేను చెప్పేదేముంది, అయినా రాస్తాను. కణుపే ఇక్కడ అసలు సొత్తు, ఎందుకంటే కణుపు దగ్గర గొట్టం తనంతట తనే మూసుకుని ఉంటుంది, అడుగు వెయ్యక్కర్లేదు. చిటికెన వేలంత లావు కొమ్మ చాలు, కణుపుకి కొంచెం కిందగా ఒక కోత, పైన రెండంగుళాలు వదిలి ఇంకో కోత. పచ్చిది మాత్రం వద్దు, ఆరేటప్పుడు చీలుతుంది, మూత బిగువూ పోతుంది. పాత దడిలోంచి లాగిన కర్ర మంచిది. మూతకి మెత్తని కర్ర బిరడా చెక్కండి, పైకి లావుగా కిందికి సన్నంగా, కొంచెం కొంచెంగా, మధ్య మధ్యలో పెట్టి చూసుకుంటూ. ఎక్కువ చెక్కేస్తే తిరిగి అతికించలేం, మీకు తెలియనిదా. ఏటికొప్పాక కుంకుమ భరిణెల మూత అంత సుఖంగా పడుతుందంటే అది లేత్ మీద తిరిగిన అంకుడు కర్ర కాబట్టి. మనది చేతి చెక్కుడు, కాస్త వంకర ఉంటుంది, అందుకే బిరడాకి ఒక చుట్టు నూలుదారం చుడితే ఆ వంకరంతా దారం సర్దుకుంటుంది.

మనవరాలి చేత గరుకు కాగితం పెట్టి రుద్దించండి, వెదురు పీచు గుచ్చుకుంటే లాగడం మహా కష్టం. మెడలో దారం గురించి పైన రాయగడ అమ్మాయికి చెప్పిందే మీకూ.

ఐదో తరగతిలో 38 మంది పిల్లలున్నారు. ఖర్చు పెట్టే స్థోమత లేదు. పిల్లలు ఎర్రగా ముద్దుగా ఉన్న గురివింద గింజలు దోసిళ్ళకొద్దీ ఏరుకొచ్చారు. వాటిని దండలు గుచ్చి, మధ్యలో చిన్న డబ్బా వేలాడదీసేలా ఒక్క పీరియడ్‌లో అయ్యేది చెప్పగలరా? (ఒక మాస్టారు, గుణుపురం)

మాస్టారూ, ముందు ఆ గింజలు వెనక్కి తీసుకోండి. రేపు కాదు, ఇవాళే. కంసాలులు తూకానికి వాడారు, మన చిన్నప్పుడు వామనగుంటలు ఆడాం, అన్నీ నిజమే. గురివింద లోపల అబ్రిన్ అని చాలా తీవ్రమైన విషం ఉంది. పెంకు గట్టిగా ఉన్నంతసేపు అది బయటికి రాదు, అందుకే పొరపాటున మింగినవాళ్ళు చాలామంది బతికి బయటపడ్డారు. కానీ దండ గుచ్చాలంటే ఏం చేస్తాం? సూదితో ఆ పెంకుకే చిల్లు పెడతాం. చిల్లు పడిన గింజ పిల్ల మెడలో, పిల్ల నోటికి జానెడు దూరంలో. గుచ్చిన వేళ్ళే నోట్లోకి పోతాయి. వద్దు. ఆముదం గింజలు కూడా అంతే.

వాటి బదులు కాగితం. పాత పత్రికలు (మాది కూడా చించండి, ఏమీ అనుకోను), మైదా జిగురు, పెన్సిళ్ళు. పెన్సిలు చుట్టూ కాగితాన్ని మొదటి చుట్టు పొడిగా, తర్వాత ఆరేడు చుట్లు జిగురు రాస్తూ చుట్టాలి. మొదటి చుట్టుకి కూడా జిగురు రాస్తే గొట్టం పెన్సిలుకి అతుక్కుపోతుంది, మీ క్లాసులో కనీసం పదిమంది రాస్తారు, అది ఖాయం. తర్వాత మూత. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు: మూతని విడిగా చుట్టి తెచ్చి పెడితే అయితే వదులు, లేకపోతే బిగుతు. మూతని గొట్టం మీదే చుట్టాలి, మధ్యలో ఒక్క పొర పొడి కాగితం వేసి, ఆరాక ఆ పొర లాగేస్తే ఎంత సందు కావాలో అంతే మిగులుతుంది. రెంటికీ ఒక్కో కొస దగ్గర గుండ్రటి అట్టముక్క అంటిస్తే అడుగూ పైకప్పూ వచ్చేశాయి.

దారాన్ని మూతలో అటూ ఇటూ పెట్టిన రెండు చిల్లుల్లోంచి కిందికి దూర్చి, గొట్టం ఒంటికి రెండు పక్కలా కుట్టెయ్యండి. అప్పుడు మూత దారం వెంట పైకి జారుతుందే గాని ఊడి కింద పడదు. 38 మూతలు బెంచీల కింద వెతికే పని తప్పుతుంది మీకు.

ఒక్క పీరియడ్‌లో మాత్రం కాదు. జిగురు ఆరడానికి ఒక రాత్రి ఇవ్వాలి, వానాకాలమైతే రెండు.

ఠాకురాణీ యాత్రలో మా పెద్దవాడికి ఒక లాకెట్ కొన్నాం, లోహంతో చేసింది, మంచి బరువు. మాగ్నెట్‌తో టక్కున మూసుకుంటుంది. ఇప్పుడది ఏడాదిన్నర చిన్నదాని చేతికి చిక్కింది, నోట్లోంచి తీస్తే ఏడుపు. పర్వాలేదంటారా? (ఒక అమ్మ, బరంపురం)

పర్వా ఉందండీ, ఏడ్చినా తీసెయ్యండి.

ఒకటి, మాగ్నెట్లు. రెండు మింగితే పేగులో ఒక మడతలో ఒకటి, ఇంకో మడతలో ఇంకొకటి చేరి, మధ్యలో పేగుని పట్టుకుని అతుక్కుంటాయి, అక్కడ చిల్లు పడుతుంది, ఆపరేషన్ దాకా వెళ్తుంది. మింగిందని అనుమానం వచ్చినా సరే, విరేచనంలో వస్తుందిలే అని ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. లైటు వెలిగే నగల్లో ఉండే బటన్ సెల్ ఇంకా దుర్మార్గం, గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చేస్తుంది.

రెండు, ఆ బరువు. చవక లోహపు నగల్లో సీసం కలుస్తుంది. 2006లో అమెరికాలోని మిన్నెసోటాలో నాలుగేళ్ళ పిల్లాడు గుండె ఆకారం బిళ్ళ మింగి చనిపోయాడు, పరీక్షిస్తే అందులో 99 శాతం సీసమే. మెత్తగా ఉండి, తెల్ల కాగితం మీద గీస్తే బూడిదరంగు చార పడితే పారెయ్యండి. చార పడకపోయినంత మాత్రాన మంచిదని కాదు. మన దగ్గర 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు గాని, జాతరలో గోనెపట్టా మీద కుప్ప పోసి అమ్మేవాటి మీద ఆ గుర్తు ఎక్కడ వెతుకుతాం?

ఇంట్లో మూడేళ్ళలోపు వాళ్ళున్న అందరికీ ఒక చిట్కా. బొమ్మల పరీక్షలో 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక గొట్టం వాడతారు, అందులో పట్టేసిన ముక్క ఆ వయసు పిల్లల గొంతుకి అడ్డం పడగలదని లెక్క. ఆ గొట్టం మనమూ చేసుకోవచ్చు: సరిగ్గా 10 సెంటీమీటర్ల అట్టముక్కని అంచుకి అంచు ఆనించి గుండ్రంగా చుట్టి టేపు వేస్తే దాదాపు అదే కొలత వస్తుంది. పది రూపాయల బిళ్ళ వేసి చూడండి, సులువుగా దూరిపోతుంది. నేను పైన చెప్పిన సీసా మూత కూడా దూరుతుంది! కాబట్టి రాయగడ అమ్మా, మీ ఇంట్లో చంటిపిల్లలుంటే ఆ లాకెట్ ఎత్తు మీద ఉండాల్సిందే.

నేను నాలుగో తరగతి. నేను ఏది దాచినా మా చెల్లి తీసేస్తుంది. తాళం ఉన్న ఉంగరం చెయ్యడం ఎలా? అందులో ఏం పెట్టుకోవాలి? (జయపురం నుంచి)

నాన్నా, ఉంగరానికి తాళం నాకూ చేతకాదు. దానికంటే మంచిది చెప్తాను. అమ్మనడిగి పాత పట్టుచీర అంచు ఒక ముక్క తీసుకో, బరంపురం పట్టు అయితే అంచు దళసరిగా ఉంటుంది, ఇంకా బాగుంటుంది. నీ మణికట్టు చుట్టూ వచ్చి రెండు వేళ్ళు మిగిలేంత పొడుగు. దాన్ని నిలువుగా మడిచి, పొడుగు అంచు కుట్టి, మధ్యలో మాత్రం రెండు వేళ్ళంత కుట్టకుండా వదిలెయ్. కొసలకి ప్రెస్ బటన్ అమ్మ చేత కుట్టించుకో. ఇప్పుడు కిటుకు: ఆ వదిలిన సందు చేతికి ఆనుకునే వైపు ఉండాలి. పైనుంచి చూస్తే ఉత్త గాజులా ఉంటుంది, జేబు ఉందని ఎవరికీ తెలియదు.

లోపల చాక్లెట్ పెట్టకు, చీమలొస్తాయి. పది రూపాయల నోటు నాలుగు మడతలు పెడితే పడుతుంది. ఉత్తరం రాసి పెట్టుకోవచ్చు. మీ చెల్లి మూడేళ్ళు దాటితే తనకీ ఒకటి కుట్టు, వేరే రంగు దారంతో, దాని జేబు మాత్రం పైకి కనబడేలా పెట్టు. అందరి జేబులూ అలాగే ఉంటాయనుకుంటుంది.